మంగతాయారు ఇంటి ప్లాను

ప్రభుత్వం ఏ నిబంధన పెట్టినా అందులో ప్రజల మేలు దాగి ఉంటుందని మా నాన్నగారు అంటూ ఉండేవారు. ఆయన ప్రభుత్వోద్యోగి. ఆ మేలు ఎంత లోతుగా దాగి ఉంటుందో నాకు కాకినాడలో మంగతాయారు ఇంటికి ప్లాను మంజూరు కోసం తిరిగినప్పుడు తెలిసింది. మంగతాయారు దయ్యం. ఆవిడ ఇల్లు కంప్యూటర్లో ఉంది. ఈ రెండు సంగతులూ ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ నన్ను తిట్టుకోకుండా.

మాది చాలా చిన్న కంపెనీ, కంప్యూటర్ ఆటలు తయారు చేస్తాం. నేను, అంటే ఫణీంద్ర, కథలు అల్లుతాను, మిగతా సమయంలో అందరి చేతా పని చేయిస్తున్నట్టు కనిపిస్తాను. మొయిన్ కోడు రాస్తాడు. సువర్చల ఆటలో కంటికి కనిపించే చోటునంతా తయారు చేస్తుంది. గోడలు, తలుపులు, గచ్చు, గచ్చు మీద మరకలు, అన్నీ ఆవిడవే. మేం తలపెట్టింది భయపెట్టే ఆట. ఆడేవాడు ఒక పాత ఇంట్లోకి వెళతాడు, లోపల మంగతాయారు ఉంటుంది, వాడు బతికి బయటపడాలి. ఇంతకన్నా కథ లేదు, అక్కర్లేదు కూడా.

డిజిటల్ క్రీడా ప్రోత్సాహక మండలి అనే సంస్థ మా మీద దయతలచి ఒక గది, కంప్యూటర్లు, చల్లటి ఏసీ ఇచ్చింది. దానికి ప్రతిగా ఏడాది చివర మండలి వారు జరిపే ప్రదర్శనలో ఆట చూపించాలి. చూపించలేకపోతే గది ఖాళీ చేసి ఇంటికి పోవాలి. అందుకని ముందుగా ఇంటి సంగతి తేల్చుకుందామని ముగ్గురం కూర్చున్నాం.

సువర్చల లెక్క చాలా సూటిగా ఉంటుంది. ఉన్నది ముగ్గురం, ఊరంతా కట్టలేం. ఒక గోడ చేసి దాన్నే తిప్పి తిప్పి వాడుకుందాం, ఒక తలుపు చేసి అన్ని గదులకీ తగిలిద్దాం, మిగతాదంతా చీకటి అంది. చీకటికి బొమ్మ గియ్యక్కర్లేదు, రంగు వెయ్యక్కర్లేదు, ఎంత కావాలంటే అంత వాడుకోవచ్చు. మా లాంటి బీదవాళ్ళకి చీకటిని మించిన ఆస్తి లేదని ఆవిడ వాదం. ఆ చీకటిలో ప్రాణం పెట్టి చేసింది ఒక్కటే, ఇంటి మధ్య నడవ. ఇరుకు, పొడుగు, ఎక్కడా కిటికీ లేదు, భుజాలు రెండూ గోడలకి రాసుకుంటాయి, చివర ఒక బల్బు వెలగాలా వద్దా అని ఆలోచిస్తూ ఉంటుంది. ఆవిడ దాన్ని మొదటిసారి తెర మీద నడిపించి చూపించినప్పుడు మొయిన్ లేచి వెళ్ళి గది తలుపు తెరిచి వచ్చి కూర్చున్నాడు. మా ఆటంతా ఆ నడవే. అది ఉంటే ఆట ఉంది, ఆట ఉంటే గది ఉంది.

ఇంత ఘోరమైన ఊహ నీకెలా వచ్చిందని అడిగాను.

“ఊహేంటండి బాబూ, మా ఇల్లేగా,” అంది సువర్చల. “టేపు పెట్టి కొలిచి తెచ్చానండి.”

ఆవిడ ఒక పాత పేటలో, ఒక మేడ పైఅంతస్తులో వెనక పోర్షన్లో అద్దెకుంటుంది. ఆ పోర్షన్లోకి వెళ్ళాలంటే ఆ నడవలోంచే వెళ్ళాలి. ఆ అంతస్తు మునిసిపాలిటీ వారి ప్లానులో లేదు. తర్వాత ఎప్పుడో ఇంటాయన ముచ్చటపడి వేసుకున్నాడు. ప్లానులో లేదు కాబట్టి అద్దె కాగితం రాసివ్వడు. అద్దె కాగితం లేదు కాబట్టి గ్యాస్ కంపెనీ వాళ్ళు సిలిండర్ ఇవ్వరు. పాపం, ఆ మనిషి కరెంటు పొయ్యి మీద అన్నం వండుకుని, కరెంటు పోయిన రోజున అటుకులు తిని ఆఫీసుకొచ్చేది. ఈ విషయం కథకి సంబంధం లేదనుకుని అప్పట్లో నేను పట్టించుకోలేదు.

సరిగ్గా అప్పుడు మండలి వారికి కొత్త ఉత్సాహం వచ్చింది. అంతకుముందు ప్రదర్శనలో ఎవరో కుర్రాళ్ళు చూపించిన ఆటలో స్తంభాలు లేని వంతెన ఒకటి ఉందట. మండలి సభ్యుల్లో ఒకరి మనవడు దాన్ని చూసి, తాతా, దీని కాంట్రాక్టరెవరని అడిగాడట. తాతగారు ఆ మాట తెచ్చి మండలి మీటింగులో పెట్టారట. దాంతో ఉత్తర్వు వెలువడింది. మండలి సహాయముతో తయారగు ఆటలయందు కనిపించు ప్రతి కట్టడమూ నగర ప్రణాళికా నిబంధనలకు లోబడి ఉండవలెననీ, లేనియెడల అట్టి ఆట ప్రదర్శనకు అనర్హమనీ అందులో ఉంది. చదివి మొయిన్ నవ్వాడు. ఆ తర్వాత చాలా రోజులు వాడు నవ్వలేదు.

పరిశీలన కోసం మండలి వారు డెప్యుటేషన్ మీద తెప్పించిన టౌన్ ప్లానింగ్ అధికారి పేరు వరదరాజులు గారు. పెద్దమనిషి, మెత్తటి మాట, జేబులో ఎప్పుడూ స్కేలు. ఇల్లు చూస్తానని వచ్చి, సువర్చల కంప్యూటర్ తెర మీద ఆ స్కేలు ఆనించి నడవ వెడల్పు కొలిచారు. సువర్చల పక్కనుంచి మీట తిప్పి బొమ్మని దగ్గరికి లాగితే వెడల్పు పెరిగింది. అలా పెంచితే ఒప్పుకోను, సహజ పరిమాణంలో చూపించమన్నారు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఈ నడవ నిబంధనలకు విరుద్ధమన్నారు. వెడల్పు చాలదు, గాలి లేదు, వెలుతురు లేదు, ప్రమాదం జరిగితే బయటపడే దారి లేదు.

బయటపడే దారి లేకపోవడమే ఆట అని నేను విన్నవించుకున్నాను.

“మీ బాధ నాకు అర్థమైందండీ,” అన్నారాయన ఎంతో దయగా. “కానీ సదరు నడవలో ఒక పౌరుడు చిక్కుకుని భయభ్రాంతులకు గురైన పక్షంలో, దానికి బాధ్యత ఎవరు వహిస్తారు?”

మేమే వహిస్తామండీ, దానికోసమే చేస్తున్నామండీ అని మొయిన్ అనబోతే కాలు తొక్కాను.

నడవ సంగతి పై అధికారులకు నివేదిస్తాననీ, ఈలోగా గదులకైనా కిటికీలు పెట్టమనీ చెప్పి ఆయన వెళ్ళిపోయారు. నడవ నిలబడాలంటే ఏదో ఒకటి ఒప్పుకోక తప్పదని సువర్చల పళ్ళు బిగించి గదికో కిటికీ పెట్టింది. కిటికీ పెట్టాక తెలిసింది, కిటికీలోంచి చూస్తే ఏదో ఒకటి కనబడాలని. అంతవరకూ మంగతాయారు ఇంటి బయట ఏమీ లేదు. ఉత్త నలుపు. వరదరాజులు గారు కిటికీలోంచి ఆ నలుపులోకి చాలాసేపు చూసి, ఈ ఇల్లు ఏ రోడ్డు మీద ఉందని అడిగారు.

రోడ్డు వేశాం. రోడ్డుకి వెడల్పు చాలదన్నారు, పెంచాం. రోడ్డు పక్కన డ్రెయినేజీ లేదన్నారు, తవ్వాం. ఒక్క ఇల్లే ఉంటే అది లేఅవుట్ కాదన్నారు, చుట్టుపక్కల ఇళ్ళు కట్టాం. ఆ ఇళ్ళకి కూడా కిటికీలు పెట్టాల్సి వచ్చింది. ఇన్ని ఇళ్ళున్నప్పుడు పార్కు వదలాలిగా అన్నారు, వదిలాం. పార్కులో పిల్లలు ఆడుకునే జారుడుబల్ల సువర్చల ఏడుస్తూ చేసింది. ప్రతి ఇంటికీ ఇంకుడు గుంత తవ్వించారు. ఆటలో వాన పడదండీ అని మొయిన్ మనవి చేస్తే, పడనప్పుడు తవ్వుకోకపోతే పడ్డప్పుడు ఏం చేస్తారని అడిగారు. మొయిన్ వాన కూడా రాశాడు. భయపెట్టే ఆటకని ఇచ్చిన కంప్యూటర్లు కాలనీ మొయ్యలేక పెద్దగా మూలగసాగాయి. ఆ మూలుగు మా ఆటలో మిగిలిన ఒకే ఒక్క భయంకరమైన శబ్దం.

ఇన్ని చేసినా నడవని మాత్రం సువర్చల ముట్టుకోనివ్వలేదు. కాలనీ మధ్యలో, పార్కు ఎదురుగా, తెల్లటి సున్నం వేసిన ఇంట్లో, ఆ నడవ అలాగే ఉంది. అది ఉన్నన్నాళ్ళూ మాకు ఆశ ఉంది.

తర్వాత యజమాని సంతకం సమస్య వచ్చింది. ప్లాను దరఖాస్తు మీద ఇంటి యజమాని సంతకం ఉండాలి. యజమాని మంగతాయారు, ఆవిడ చనిపోయింది. అయితే వారసులు పెట్టాలన్నారు వరదరాజులు గారు. కథ ప్రకారం వారసులందరినీ ఆవిడే చంపేసిందని నేను చెప్పాను. ఆయన ఆ విషయం మీద ఏ అభిప్రాయమూ వెలిబుచ్చలేదు, అది పోలీసు శాఖ చూసుకుంటుందన్నారు. ఒక పూటంతా ఆలోచించి దారి కూడా ఆయనే చూపించారు. ఆవిడ ఇంట్లో ఉంటోందా? ఉంటోంది. నడుస్తుందా? నడుస్తుంది. తలుపు తడితే పలుకుతుందా? తట్టకపోయినా పలుకుతుంది. అయితే నివాసి కిందే లెక్క, నిబంధనల్లో నివాసి బతికి ఉండాలని ఎక్కడా లేదన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో ఏదో చిన్న గర్వం కనబడింది. నాకు ఆయన మీద మొట్టమొదటిసారి గౌరవం కలిగింది.

మంగతాయారు ఇదివరకు గోడల మీద నెత్తురుతో రాస్తూ ఉండేది. మొయిన్ ఆ కోడునే మార్చి ఆవిడ చేత దరఖాస్తు మీద సంతకం చేయించాడు. ఎర్ర సిరా కుదరదని దరఖాస్తు తిరిగొచ్చింది. నీలం సిరాతో మళ్ళీ పెట్టింది.

ఇల్లు నివాసం అని తేలగానే ఇంకో చిక్కు వచ్చింది. ఆట డబ్బులకి అమ్ముతారు కాబట్టి మంగతాయారు జనాన్ని భయపెట్టడం వ్యాపారం కిందికి వస్తుంది. ఇళ్ళ మధ్య వ్యాపారం కూడదు. మళ్ళీ మీటింగులు, మళ్ళీ టీలు. చివరికి ట్యూషన్లు చెప్పుకోవడం, జాకెట్లు కుట్టుకోవడం లాంటి ఇంటిపట్టు వృత్తుల్లో భయపెట్టడాన్ని కూడా చేర్చారు. ఇరుగుపొరుగుకి ఇబ్బంది లేకుండా, ఉదయం పది నుంచి సాయంత్రం అయిదు లోపల, రెండో శనివారం, ఆదివారం మినహా భయపెట్టుకోవచ్చని అనుమతి ఇచ్చారు. అంటే మా ఆటలో రాత్రి పోయింది. సువర్చల ఆ రోజంతా ఆటలోంచి చీకటిని తుడుస్తూ కూర్చుంది. సాయంత్రం మాత్రం, నడవలోకి ఎండ రాదుగా, అది చాలు మనకి అంది.

అప్పుడు నడవ మీద పై అధికారుల జవాబు వచ్చింది. ఇట్టి నడవ ఏ నివాస గృహమునందును ఉండుటకు వీలులేనందున తొలగించవలెనని ఆదేశం.

సువర్చలకి ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మామూలుగా గొంతు పెంచే మనిషి కాదు, అప్పుడూ పెంచలేదు. వరదరాజులు గారి ఎదురుగా నిలబడి, చీరకొంగు నడుముకి దోపుకుని, ఉండడానికి వీల్లేకపోవడమేంటండి, నేను రోజూ అందులోంచే ఇంటికెళుతున్నాను, మీరొచ్చి చూడండి, చూశాక కూడా లేదంటే అప్పుడు తీసేస్తానంది. ఆయన కాసేపు స్కేలు వైపు చూసుకుని, క్షేత్రస్థాయి పరిశీలనకి నిబంధనల్లో అవకాశం ఉందన్నారు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం అందరం సువర్చల ఇంటికి వెళ్ళాం. బయట ఎండ కళ్ళు పొడుస్తోంది. మెట్లెక్కి పైకెళితే, ఎదురుగా నడవ. ఎండ దాని గుమ్మం దగ్గరే ఆగిపోయింది. వరదరాజులు గారు టేపు పట్టుకుని ముందు నడిచారు, వెనక సువర్చల, ఆవిడ వెనక నేను. మొయిన్ బయట చెప్పులకి కాపలా ఉంటానన్నాడు.

నాలుగు అడుగులు వేశాక ఆయన భుజాలు గోడలకి రాసుకున్న చప్పుడు వినబడింది. గోడలు చెమర్చి ఉన్నాయి. చేత్తో తడుముకుంటూ స్విచ్చి పట్టుకున్నారు, అది సన్నగా షాక్ కొట్టింది. చెయ్యి వెనక్కి లాక్కుని ముందుకి తూలితే, ఎవరో తీగ మీద ఆరేసిన తడిచీర మొహాన్ని కప్పేసింది. సరిగ్గా అప్పుడే నడవ చివరనుంచి ఒక ముసలి గొంతు, ఎవరదీ అని అడిగింది. అది పక్క పోర్షన్ మామ్మగారు. ఆ సంగతి సువర్చలకి తెలుసు, ఆవిడ చెప్పగా నాకు తెలుసు, ఆయనకి తెలియదు. వరదరాజులు గారి నోటినుంచి వచ్చిన శబ్దాన్ని రాయడానికి తెలుగు లిపిలో వీలు లేదు. అంత పెద్దమనిషీ సువర్చల కొంగు రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆవిడ లాక్కొస్తే బయటపడ్డారు.

మెట్ల మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాం. టేపు లోపలే పడిపోయింది. తెచ్చుకుంటారా అని అడిగితే, వద్దమ్మా, ప్రభుత్వం మళ్ళీ ఇస్తుందిలే అన్నారు. మా ఆట పని చేస్తుందని అంతకుమించిన రుజువు ఏముంటుంది? నేనూ మొయినూ ఒకరి చేతులు ఒకరం నొక్కుకున్నాం. సువర్చల మొహం చాలా రోజుల తర్వాత వెలిగింది.

నివేదిక వారం తిరక్కుండా వచ్చింది. సదరు నడవ ఉన్నట్లు చెప్పబడుచున్న అంతస్తు మంజూరైన ప్లానునందు లేదు కనుక, లేని అంతస్తులోని నడవయు లేనిదే కనుక, లేని నడవను నమూనాగా స్వీకరించుట సాధ్యపడదని రాశారు. కింద ఆకుపచ్చ సిరాతో వరదరాజులు గారి సంతకం.

“మరి నేనెక్కడుంటున్నానండీ?” అని అడిగింది సువర్చల.

ఆయన తల ఎత్తలేదు. “అది మా శాఖ పరిధిలోకి రాదమ్మా,” అన్నారు.

నడవని సువర్చలే తీసేసింది, నన్ను ముట్టుకోనివ్వలేదు. గోడలు పక్కకి జరిపింది, రెండు వైపులా కిటికీలు పెట్టింది, పైన ఎల్ఈడీ దీపాలు వరసగా బిగించింది, అగ్నిమాపక సిలిండర్ తగిలించింది, బయటకు దారి అని బాణం గుర్తు వేసింది. పని పూర్తయ్యాక మౌస్ పక్కన పెట్టి, బావుందండి కదా అంది. ఏడుపొచ్చింది నాకు. నిజంగానే బావుంది.

ఇల్లు మంజూరైంది. మంజూరైన ఇంటికి డోరు నంబరు వేశారు, నంబరు వేసిన ఇంటికి పన్ను కట్టించారు, పన్ను కట్టిన ఇంటికి నివాసయోగ్యమని పత్రం ఇచ్చారు. అన్నిటి మీదా మంగతాయారు పేరు, కింద గుండ్రటి ముద్ర.

ప్రదర్శన రోజున మండలి అధ్యక్షుల వారు స్వయంగా ఆట ఆడారు. మధ్యాహ్నం మూడు గంటల ఎండలో మంగతాయారు జుట్టు విరబోసుకుని వీధి తలుపు తీసింది. వెనక నడవలో గాలికి కర్టెన్లు ఊగుతున్నాయి. అధ్యక్షుల వారు ఆవిడకి నమస్కారం పెట్టి, ఇల్లంతా తిరిగి, ఇంకుడు గుంత చూసి, బాణం గుర్తు ప్రకారం బయటికొచ్చేశారు. మా స్టాలు ముందు జనం బారులు తీరారు. ఒక్కడూ భయపడలేదు. ఒకాయన అద్దె ఎంతని అడిగాడు. ఒకావిడ తూర్పు వైపు పోర్షన్ ఖాళీ ఉందా అని అడిగింది. దయ్యం ఉందండీ అని మొయిన్ చెబితే, ఉంటే ఉందిలే నాయనా, గాలీ వెలుతురూ ఉన్నాయిగా అందావిడ. మాకు ఉత్తమ నివాస రూపకల్పన అని ఒక షీల్డు ఇచ్చారు. గది మాకే ఉంచారు, వచ్చే ఏడాది బస్టాండు చెయ్యమన్నారు.

భయపెట్టే ఆట పోయింది, గది మిగిలింది. నెగ్గామో ఓడామో తెలియక నేనూ మొయినూ షీల్డు వైపు చూస్తూ కూర్చున్నాం. సువర్చల మాత్రం మంగతాయారు ఇంటి పత్రాలు ముందేసుకుని ఒక్కొక్కటే చదువుతోంది. డోరు నంబరు, పన్ను రసీదు, నివాసయోగ్య పత్రం. చదివి చదివి, గ్యాస్ కంపెనీ వాళ్ళు అడిగేవి ఇవేగదండీ అంది.

మొయిన్ కూర్చుని అద్దె కాగితం తయారు చేశాడు. తూర్పు వైపు పోర్షన్ సువర్చలకి అద్దెకిస్తున్నట్టు మంగతాయారు నీలం సిరాతో సంతకం పెట్టింది. వరదరాజులు గారు ధ్రువీకరించాలి. నేను భయపడుతూనే కాగితం ఆయన ముందు పెట్టాను. ఆయన చదివారు. మళ్ళీ చదివారు. ఇంటికి మంజూరు ఉంది, పన్ను బాకీ లేదు, యజమాని సమ్మతి ఉంది, నిబంధనల ప్రకారం అభ్యంతరం లేదని తనలో తానే అనుకున్నారు. ఆకుపచ్చ పెన్ను తీసి, సంతకం పెట్టకుండా కాసేపు పట్టుకుని కూర్చున్నారు.

“అమ్మా, నువ్వింకా ఆ నడవలోంచే వెళ్తున్నావా?” అని అడిగారు. ఆ గొంతులో సదరు లేదు, పరిధి లేదు.

వెళ్ళాలి కదండీ అంది సువర్చల. ఆయన సంతకం పెట్టేశారు.

గ్యాస్ వాళ్ళు ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. కాగితాలన్నీ ఇంత శుభ్రంగా ఉన్న మనిషిని తాము ఈ మధ్యకాలంలో చూడలేదన్నారట. సిలిండర్ తెచ్చినతను కాగితంలో ఉన్న మంగతాయారు ఇంటి కోసం ఊరంతా తిరిగి, చివరికి ఫోన్ చేస్తే సువర్చల దారి చెప్పింది. చూద్దామని నేనూ వెళ్ళాను. అతను సిలిండర్ భుజాన మోసుకుని మెట్లన్నీ ఎక్కి వచ్చి, నడవ గుమ్మం దగ్గర ఆగిపోయాడు. లోపలికి తొంగి చూశాడు. చీకట్లో తడిచీర కదిలింది. సిలిండర్ కిందకి దించేసి, ఇంతవరకే మేడం, లోపలికి నా వల్ల కాదన్నాడు. వెళ్ళబోతూ గొంతు తగ్గించి, లోపల ఎవరైనా ఉంటున్నారా అని అడిగాడు.

“ఎవరూ లేరండి,” అంది సువర్చల, సిలిండర్ని లోపలికి దొర్లించుకుంటూ. “నేనే.”